యమున కంప్యూటర్‌కి ఆయుధపూజ

"హలో, మీరమ్మిన కంప్యూటర్ నన్ను దినామూ బెదిరిస్తాంది. ఏం చేస్తారో చెప్పండి."

హిందూపురంలో నాగరాజు కంప్యూటర్ షాపులో కూర్చుని, ఒక ప్రింటర్ కడుపులోంచి నలిగిన కాగితాన్ని పీకుతున్న మారుతికి ఫోన్‌లో వినిపించిన మొదటి మాటలివి. నమస్కారం లేదు, పేరు లేదు. ప్రేమకథలు బస్సులోనో, పెళ్ళి పందిట్లోనో మొదలవుతాయంటారు. మారుతి కథ మాత్రం కంప్లయింటుతో మొదలైంది.

"ఎవరండీ మీరు? యాడి నుంచి మాట్లాడుతాండారు?"

"ధర్మవరం నుంచి. నా పేరు యమున. మూడేండ్ల కిందట మీ షాపులోనే సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ తీసుకున్యాము."

"బెదిరిస్తాందా? ఏమని?"

"పొద్దున ఆన్ చేస్తే చాలు. నీ విండోస్ టెన్‌కి కాలం దగ్గర పడింది, లెవెన్‌కి మారు, మారకుంటే ఆనక నీ ఖర్మ అంటాంది."

"అంత మాట అనదండీ అది."

"ఇంగ్లీషులో కదా, మర్యాదగానే అంటాంది. అర్థం మాత్రం అదే."

మారుతికి నవ్వొచ్చింది. ఆపుకుని, కస్టమర్లతో మాట్లాడే గొంతు తెచ్చుకున్నాడు. "దానికేముందండీ, ఒక బటన్ నొక్కితే అదే మారుతుంది."

"నొక్కినంక నా డిజైన్ సాఫ్ట్‌వేర్ నడవకపోతే? నా బదులు మీరొచ్చి పట్టుచీరలకు అంచులు గీస్తారా?"

"నాకు స్కేలు పెట్టినా గీత వంకర పోతుందండీ."

"అయితే కంప్యూటర్ చూసేదానికే రాండి. ఆదివారం ఇంట్లోనే ఉంటా."

పెట్టేసింది. వస్తాడా రాడా అని కూడా అడగలేదు. ఈ దబాయింపు చూస్తే కోపం రావాలి. మారుతికి మాత్రం ఆదివారం ఎప్పుడొస్తుందా అనిపించింది. అప్పుడే అతగాడు జాగ్రత్త పడవలసింది.

*

ధర్మవరం ప్యాసింజర్ దిగి, అడ్రస్ కనుక్కుంటూ వెళ్ళేసరికి ఆ వీధి వీధంతా మగ్గాల చప్పుడు. యమున వాళ్ళది రెండు గదుల మిద్దె. ముందు గదిలో కంప్యూటర్, దాని పక్కన రంగురంగుల పట్టుదారం ముక్కలు అతికించిన అట్ట. కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని ఒక చేత్తో మౌసు, ఇంకో చేత్తో వేయించిన చెనక్కాయలు పట్టుకుని ఉంది ఆమె.

అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఇంత చిన్నోడ్ని పంపినారేమి? పెద్దోళ్ళెవరూ లేరా షాపులో?"

"పెద్దోళ్ళు పెద్ద కంప్యూటర్లకు పోతారండీ."

ఆమె నవ్వింది. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. మారుతి సి.పి.యు. మీద చూపు నిలుపుదామని గట్టిగానే ప్రయత్నించాడు.

యమున పని చీరల అంచులు, కొంగులు, బుటాలు కంప్యూటర్లో గీయడం. ఆమె గీసిన గ్రాఫును బట్టే జాకార్డు మగ్గానికి దారి చూపే చిల్లుల అట్టలు కొడతారు. ఒక గడి తప్పితే నేతలో నెమలికి తోక బదులు కాలు మొలుస్తుంది. ఊళ్ళో మంచి పేరున్న మగ్గాల ఓనర్లు కూడా ఆమె అంచుల కోసం వస్తారు. నాన్న ఓబుళప్ప బత్తలపల్లి దగ్గర పొలం చేస్తూ అటూ ఇటూ తిరుగుతుంటాడు. అమ్మ చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఉండేది యమున, అవ్వ చౌడక్క.

పావుగంట చూసేసరికి మారుతికి రోగమూ తెలిసింది, మందూ తెలిసింది. ఆమె వాడే సాఫ్ట్‌వేర్ పాతది. దాన్ని తయారుచేసిన బెంగళూరు కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త విండోస్ మీద అది నడుస్తుందో లేదో చెప్పే నాథుడు లేడు, ఒకసారి పోతే మళ్ళీ ఎక్కించుకునే దారీ లేదు. ఇలాంటి మెషీన్‌ని మార్చకూడదు. ఇంటర్నెట్ వైరు పీకేసి, మెయిలూ వాట్సాపూ ఫోన్‌లో చూసుకుంటే సరి. పాత విండోసూ పాత సాఫ్ట్‌వేరూ ఇంకొన్నేళ్ళు హాయిగా కాపురం చేస్తాయి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఆ ఒక్క మాట చెప్పి తిరుగు బండి ఎక్కొచ్చు. చెబుదామనే నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే యమున స్టీలు గ్లాసుతో కాఫీ తెచ్చి, "మార్చాల్నా, వద్దా? నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడంల్యా" అంది.

కళ్ళజోడు లేని ఆ కళ్ళు దగ్గరగా చూసి మారుతి మనసు ఎటో పోయింది. "అంత తొందరగా చెప్పలేమండీ. ఇంకోసారి వచ్చి చూడాల" అంది అతని నోరు.

*

ఆ ఇంకోసారి తర్వాత మరోసారి వచ్చింది. ఒక ఆదివారం ర్యామ్ చూశాడు. ఒక ఆదివారం డిస్కు చూశాడు. ఇంకో ఆదివారం ఏమీ తోచక కీబోర్డు విప్పి బ్రష్షుతో శుభ్రం చేశాడు. అందులోంచి రాలిన చెనక్కాయ పొట్టు చూసి "ఇది కంప్యూటరా, కళ్ళమా?" అన్నాడు. యమున మౌసు లాక్కుని, "మీ పని మీరు చూసుకోండి" అంది, కానీ ఆ రోజు అతనికి కూడా ఒక పిడికెడు పెట్టింది.

చౌడక్కకు మాత్రం ఓపిక తగ్గుతోంది. "ఏమప్పా, ఇంగా కాలేదా? మా ఊర్లో అరచేతిలో టెంకాయ పెట్టుకోని బోరుకు నీళ్ళు చూసేటోళ్ళు గూడా, పడతాయో లేదో ఒక పొద్దులో చెబుతారు. నువ్వేమి ఇన్ని దినాలు టెంకాయ పట్టుకోని తిరుగుతాండావు?"

"ఇది బోరు కాదవ్వా. లోపల శానా ఉంటుంది."

"ఏముంటుందో నాకు తెల్దా" అని ముసలామె ఆకూవక్కా నములుతూ లోపలికి పోయేది. ఆ మాట విన్నప్పుడల్లా మారుతి తేలు కుట్టిన దొంగలా తల వంచుకునేవాడు.

మధ్యలో ఒకనాడు యమునే అంది, "ఈ మీరు మీరు ఏంది? బ్యాంకులో లోను అడిగేదానికి వచ్చినట్టుండాది. నువ్వు అను."

"నువ్వు" అన్నాడు మారుతి.

"నువ్వు... ఏమి?"

"ఏంల్యా. ఊరికే అని చూసినా."

ఆమె పకపకా నవ్వి స్క్రీను వైపు తిరిగింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. మారుతి అవి చూశాడు, చూసి తిరుగు బండిలో సోమందేపల్లి దగ్గర పడే పొద్దుకి కూడా ఆ రంగే ఉందనుకున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ధర్మవరం చీర కట్టిన యమున పక్కన తను ఎలా ఉంటాడో కూడా ఊహించుకున్నాడు.

ఇదంతా బాగానే ఉంది గానీ పెనుకొండలో ఉన్న తల్లి శారదమ్మకు బాగాలేదు. ఇదివరకు ప్రతి ఆదివారం కొడుకు హిందూపురం నుంచి ఇంటికి వచ్చి రాగిముద్దా, ఊరుబిండి పచ్చడీ తిని పోయేవాడు. ఇప్పుడు అదే బండిలో పెనుకొండ మీదుగానే పోతాడు, దిగడు.

"బండి ఆగినా దిగకుంటే ఎట్ల? ధర్మవరంలో ఏముండాది రా?"

"కంప్యూటర్ మా."

"దేశంలో ఇంగెవురికీ కంప్యూటర్ లేదా?"

బండి వచ్చిందని మారుతి ఫోన్ పెట్టేశాడు. లోపల మాత్రం ఒక ముల్లు కదులుతూనే ఉంది. ఆ పిల్ల నమ్మి నిద్రమానుకుని అడుగుతోంది, తను తెలిసీ చెప్పడం లేదు. చెబితే పని అయిపోతుంది. పని అయిపోతే ఏ ముఖం పెట్టుకుని ఆ గడప తొక్కాలి? చెప్పకపోతే, ఏదో ఒకరోజు ఆమెకే తెలిస్తే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కిటికీలోంచి పెనుకొండ కొండ వైపు చూస్తూ "వచ్చే ఆదివారం చెప్పేద్దాం" అనుకునేవాడు.

ఇంతలో షాపు ఓనరు నాగరాజు బెంగళూరులో బ్రాంచి తెరుస్తూ మారుతిని పొమ్మన్నాడు. జీతం ఎక్కువ, రూము కూడా ఇస్తానన్నాడు. మారుతి పోనన్నాడు. ఎందుకని అడిగితే, ఆ ఊరి నీళ్ళు తనకు పడవన్నాడు. నీళ్ళకు కటకటలాడే హిందూపురంలో పుట్టి పెరిగిన నాగరాజు నీళ్ళ గురించి అంత తేలిగ్గా మోసపోయేవాడు కాదు. "దసరా కానీలే, నువ్వే పోతావు" అని ఊరుకున్నాడు.

*

ఆయుధపూజ రోజు షాపుకు సెలవు. పొద్దున్నే మారుతి ధర్మవరం వెళ్ళాడు. మర్నాడు విజయదశమికి ఉలిగప్ప అనే మగ్గాల ఓనరు కొత్త అంచు తీసుకుపోవాలి. ఆయన దశమి నాడు తప్ప కొత్త పని మగ్గం ఎక్కించడు. యమున ఆ అంచు దాదాపు పూర్తిచేసింది, మిగిలింది ఒక మూల.

గడప దాటగానే ఆమె మొహం చూసి మారుతి అక్కడే ఆగిపోయాడు.

"రాండి" అంది.

మళ్ళీ 'మీరు' దగ్గరికి వచ్చిందంటే వ్యవహారం ముదిరిందన్నమాట.

"ఏమైంది?"

"ఏం కాలేదు. బెంగళూరు పోయే ముందర నా పని ముగించి పోండి. కొత్త విండోస్ ఎక్కించండి. ఈ పొద్దే, ఇప్పుడే."

"బెంగళూరా? ఎవరు చెప్పినారు?"

"షాపుకు ఫోన్ చేస్తే మీ ఓనరే చెప్పినాడు. మూడు వారాల నుంచి తెలిసీ నాకు ఒక మాట చెప్పలేదు కదా మీరు."

"అది కాదు యమునా, నేను..."

"మారిస్తే ఏమైనా అవుతుందా?" ఆమె అతని కళ్ళలోకి సూటిగా చూసింది. "ఏమన్నా చెప్పాల్సింది ఉంటే ఇప్పుడు చెప్పండి. లేకుంటే బటన్ నొక్కండి."

ఇంతకంటే మంచి సమయం ఏ పంచాంగంలోనూ దొరకదు. వైరు పీకితే చాలు అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. కానీ ఆ కోపంలో ఆ ముక్క చెబితే, ఇన్ని వారాలు ఎందుకు చెప్పలేదంటుంది, అబద్ధాలకోరువంటుంది. మారుతి డిజైన్లన్నీ జాగ్రత్తగా తను తెచ్చిన హార్డ్ డిస్కులోకి కాపీ చేశాడు. బియ్యం మూట భద్రంగానే ఉంది, పొయ్యే మిగులుతుందో లేదో. ఆ తర్వాత బటన్ నొక్కాడు.

యమున అతని వైపు ఒక్క క్షణం చూసి, మొహం తిప్పుకుంది. ఆ చూపులో కోపం కంటే ఏదో ఎక్కువ ఉందని అతనికి అనిపించింది. అదేమిటో మాత్రం అర్థం కాలేదు.

స్క్రీను నీలంగా మారి, మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. రెండు గంటలు పడుతుంది, ఆపొద్దు అని కింద రాసి ఉంది.

"అవ్వా, మేము పూలకు పోయొస్తాం" అని యమున సంచి తీసుకుంది. "మీరూ రాండి. ఈడ కూచొని దాన్ని చూస్తే తొందరగా కాదు."

పూల అంగళ్ళ దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. ఆమె బంతిపూలు బేరమాడింది, అతను బూడిద గుమ్మడికాయ ఎత్తుకున్నాడు. చివరికి ఒక ట్రాక్టరు అడ్డం వచ్చి ఇద్దరూ ఒక గోడకు ఆనుకోవలసి వచ్చినప్పుడు మారుతి గబగబా అనేశాడు.

"నేను బెంగళూరు పోవడంల్యా. పోనని పోయిన వారమే చెప్పినా. నాగరాజన్న నమ్మలేదు, అంతే."

"ఎందుకు పోవు?"

"నీళ్ళు పడవు."

"హిందూపురం నీళ్ళు తాగి బతికినోనికి బెంగళూరు నీళ్ళు పడవా!" యమున పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడం కోసమే. "సరే, ఆ గుమ్మడికాయ సరిగ్గా పట్టుకో, పడేస్తావు."

'నువ్వు' తిరిగి వచ్చింది. మారుతికి గుమ్మడికాయ బరువే తెలియలేదు. దారి పొడుగునా ఆమె లారీల మీది పూలదండలకు వంకలు పెట్టింది, అతను ఔనౌనన్నాడు. ఇంటికి వెళ్ళగానే అంతా చెప్పేద్దామని గట్టిగా అనుకున్నాడు.

ఇంట్లోకి అడుగుపెట్టారు.

కంప్యూటర్ ముందు దీపం వెలుగుతోంది. మానిటర్‌కి మూడు బొట్లు. సి.పి.యు.కి పసుపు, కుంకుమ, నెత్తిన నిమ్మకాయ. మౌసుకు కూడా విభూతి. స్క్రీను నల్లగా ఉంది. చౌడక్క అగరొత్తి తిప్పుతూ వెనక్కి చూసి, "వచ్చినారా? పూలేవీ?" అంది.

"అవ్వా!" యమున పూల సంచి కింద పడేసింది. "కంప్యూటర్ ఎవరాపినారు?"

"నేనే. నడిచేదానికి యాడన్నా పూజ చేస్తారా? మగ్గం ఆపుతాము, ట్రాక్టర్ ఆపుతాము, దీన్ని మాత్రం తిప్పతానే ఉంటారా? పాపం గిరగిరా తిరుగుతానే ఉండాది, రెస్టు ఇచ్చినా."

"పక్కన యు.పి.ఎస్. ఉంది కదవ్వా!" మారుతి చివరి ఆశ అది.

"ఆ పెట్టెనా? కుయ్యో మొర్రో అని అరిచింది. దాన్ని గూడా ఆపి, బొట్టు పెట్టినా."

మారుతి గుమ్మడికాయతో సహా కుర్చీలో కూలబడ్డాడు. కొత్త విండోస్ సగం ఎక్కి, పాతది సగం దిగిన సమయంలో కరెంటు తీస్తే ఏమవుతుందో చెప్పడం బ్రహ్మతరం కాదు. బతకొచ్చు, బతక్కపోవచ్చు. అతను లేచి స్విచ్ వైపు చెయ్యి చాచాడు.

"ముట్టొద్దు!" వాకిట్లోంచి వినిపించింది. అప్పుడే బత్తలపల్లి నుంచి వచ్చిన ఓబుళప్ప చెప్పులు విడుస్తున్నాడు. "పూజలో పెట్టిన పనిముట్టును ముట్టేది లేదప్పా. రేపు పొద్దున పూజ కదిలిచ్చినంకనే."

మారుతి యమున వైపు చూశాడు, ఆమైనా నచ్చజెబుతుందేమోనని. ఆమె మెల్లగా తల అడ్డంగా ఊపింది. "నేనూ ముట్టను. మూడేండ్లుగా నాకు అన్నం పెట్టింది. ఏమైనా కానీ, రేపే చూద్దాం."

ఆ మాటకు ముసలామె పొంగిపోయి, సి.పి.యు.కి ఇంకో బొట్టు పెట్టింది.

*

మధ్యాహ్నం ముసురు పట్టింది. పెద్ద వాన కాదు, ఉందా లేదా అన్నట్టు పడే తుంపర. మగ్గాలన్నీ పూజలో ఉన్నాయేమో, వీధి మొత్తానికి ఆ చినుకుల చప్పుడు ఒక్కటే. వాకిట్లో సన్షేడు కింద యమున మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. మారుతి కొంచెం దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"రేపు అది లేయకపోతే ఏమైతుంది?" అడిగింది.

"డిజైన్లు నా దగ్గర ఉండాయి. తెరిచేదానికి సాఫ్ట్‌వేర్ ఉండదు."

"అంటే నా పని పోయినట్టే. ఉలిగప్ప మామ ఇంకోరి దగ్గరికి పోతాడు. ఒకరు పోతే అందరూ పోతారు." ఆమె ఏడవలేదు. మామూలుగానే అంది. అందుకే మారుతికి ఇంకా కష్టంగా అనిపించింది.

ఇక దాచడం తన వల్ల కాలేదు. వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చినుకులు వీపు మీద పడుతున్నా పక్కకు జరగలేదు.

"యమునా, ఒక మాట. నీ కంప్యూటర్ని మార్చాల్సిన పనే లేదు. నెట్టు వైరు పీకేసి పాతదాన్నే వాడుకుంటే సరిపోతాండె. ఆ సంగతి నాకు వచ్చిన మొదటి దినమే తెలుసు."

ఆమె మోకాళ్ళను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"తెలిసీ చెప్పలే. చెబితే పని ఐపోతాది, మళ్ళా రావడానికి సాకు ఉండదు. నాకు ఈడికి రావాలనుంటుంది. ఆదివారం నిన్ను చూడకపోతే ఆ వారమంతా నాకు వారం మాదిరే ఉండదు. నువ్వంటే ఇష్టం యమునా. బెంగళూరు పోనిది కూడా అందుకే. ఇష్టమైన మనిషికి ఇట్ల చేసినా చూడు, అదీ నా తెలివి."

వాన కాసేపు పెరిగి తగ్గింది. యమున అతని వైపు చూసింది. లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

"రేపు మొదటి బండికి రా" అని లోపలికి వెళ్ళిపోయింది.

అంతే. తిట్టలేదు, ఏడవలేదు, నవ్వలేదు. తిట్టినా బాగుండేదనిపించింది మారుతికి. ఆ సాయంత్రం పెనుకొండలో దిగి ఇల్లు చేరాడు. తల్లి అతని బైకుకు పూజ చేస్తూ, "కొడుకు మొగానికి గూడా నిమ్మకాయ కట్టాల్సి వచ్చేట్టుండాదే" అంది. మారుతి పోయి పడుకున్నాడు.

*

దశమి పొద్దున. ఓబుళప్ప దీపం కొండెక్కించకుండా పక్కకు జరిపి, పూలు తీసి కళ్ళకద్దుకుని, "ఇంగ కదిలిచ్చు" అన్నాడు. చౌడక్క టెంకాయ తీసుకుని కంప్యూటర్ దగ్గరికి రాబోతే మారుతి చేతులు జోడించాడు. "అవ్వా, నీ కాళ్ళకు మొక్కుతా, గడప మీద కొట్టు. నీళ్ళు దీని మీద పడితే ఇంగ దేవుడు గూడా లేపలేడు."

ఉలిగప్ప అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చుని, వక్క కొరుకుతూ, "ఏం పాపా, అంచు అయిందా?" అంటున్నాడు. యమున "అయితాంది మామా" అంది గానీ ఆ గొంతు ఆమెది కాదు.

మారుతి స్విచ్ వేశాడు. ఫ్యాను తిరిగింది. స్క్రీను నల్లగానే ఉంది. ఇంకా నల్లగానే ఉంది. అతని ఫోన్ మోగింది. "అమ్మ" అని కనబడింది. తియ్యలేకపోతుంటే యమున ఫోన్ అందుకుని వాకిట్లోకి వెళ్ళింది. అతనికి ఆ ధ్యాసే లేదు. స్క్రీను మీద చుక్కలు మొలిచాయి, గుండ్రంగా తిరిగాయి, కింద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది.

"ఏమంటాంది?" చౌడక్క అడిగింది.

"చేసిన మార్పులన్నీ వెనక్కి తీసుకుంటాండా, ఆపొద్దండి అంటాంది."

"ఆపనులేప్పా" అంది ముసలామె స్క్రీనుకే చెబుతున్నట్టు, చేతులు వెనక్కి పెట్టుకుని.

యమున ఫోన్ మాట్లాడి వచ్చి అతని కుర్చీ వెనక నిలబడింది. ఆమె ఊపిరి అతనికి వినబడుతోంది. చాలాసేపటికి చుక్కలు ఆగి, పాత నీలం తెర, పాత బొమ్మలు, పాత గడియారం ఒక్కసారి కళ్ళెదుట నిలిచాయి. మారుతి లేచి కుర్చీ ఆమెకు వదిలాడు. ఆమె కూర్చుని సాఫ్ట్‌వేర్ మీద నొక్కింది. తెరుచుకుంది. ఉలిగప్ప అంచు, నెమళ్ళు, మామిడి పిందెలు, మిగిలిపోయిన ఆ ఒక్క మూలతో సహా, అన్నీ అక్కడే ఉన్నాయి.

యమున రెండు చేతులతో మొహం కప్పుకుంది. "బతికింది మే!" అని చౌడక్క చప్పట్లు కొట్టింది. "నేను పూజ చేసింటే ఎట్ల చస్తుంది?"

మూల పూర్తిచేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే ఉలిగప్ప సంతోషంగా వెళ్ళిపోయాడు. అప్పుడు యమున వంగి, సి.పి.యు. వెనక చెయ్యి పెట్టి, ఇంటర్నెట్ వైరు తానే పీకి మారుతి చేతిలో పెట్టింది. ఎక్కడుందో వెతుక్కోలేదు.

మారుతి నోరు తెరిచాడు. "నీకు ముందే..."

"ధర్మవరంలో కంప్యూటర్ షాపులే లేవనుకున్యావా? నువ్వు రెండోసారి వచ్చిపోయినంక మా వీధి చివర అబ్బాయిని అడిగినా. రెండు నిమిషాల్లో చెప్పినాడు."

"మరి నన్నెందుకు పిలుస్తాండావు?"

"అబ్బా, ఎంత తెలివైనోడివి!" ఆమె గొంతు తగ్గించింది. లోపల నాన్న ఉన్నాడు మరి. "నువ్వు ఎప్పుడు చెబుతావా, ఏం చెబుతావా అని చూస్తాండా. బెంగళూరు సంగతి విన్యాక ఉండబట్టలేదు. కొత్తది ఎక్కించమంటే అప్పుడన్నా వద్దని ఆపుతావనుకున్యా. పోయి బటన్ నొక్కితివి! నేనూ పంతానికి పోయి ఆపలేదు. నా పని పోయినా సరే, నోరు మాత్రం తెరవనంటివి. నిన్న మధ్యాహ్నం దాకా నీ మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఆలోచిస్తాండా."

చౌడక్క తలుపు దగ్గరికి వచ్చింది. "ఏమప్పా, పని ఐపోయిందా?"

"అయిపోయిందవ్వా."

"ఇంగ రావా?"

వెనక ఓబుళప్ప కూడా వచ్చి నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీద వేసుకుని, బోరు నీళ్ళు వస్తాయా రావా అని చూసే రైతులా మారుతి వైపు చూశాడు. మారుతి దగ్గర ఇప్పుడు ర్యామ్ సాకూ లేదు, డిస్కు సాకూ లేదు.

"వస్తాను" అన్నాడు మారుతి. "పనేం లేకున్నా వస్తాను. యమునను చూసేదానికి. మీరు రావద్దంటే తప్ప."

ఓబుళప్ప "ఊఁ" అని మాత్రం అని, పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ ఊఁ ఔననో కాదనో మారుతికి తెలియలేదు. గడప దాటేటప్పుడు యమున వెనక నుంచి పిలిచింది.

"ఈ ఆదివారం రావద్దు" అంది. మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు.

*

ఆ వారం మారుతి ఎలా గడిపాడో అడక్కండి. ఒక కస్టమర్ ప్రింటర్‌కి నలుపు సిరా అడిగితే ఎరుపు పోశాడు. ఫోన్ చేస్తే యమున, "పనిలో ఉండా, ఆనక" అని పెట్టేసింది. నాగరాజు మళ్ళీ బెంగళూరు మాట ఎత్తితే, ఈసారి నీళ్ళ గురించి మాట్లాడే ఓపిక కూడా లేకపోయింది.

ఆదివారం పెనుకొండలో ఇంట్లోనే ఉన్నాడు. శారదమ్మ పొద్దున్నే ఇల్లు కడిగింది, ముగ్గేసింది, కొత్త దుప్పటి పరిచింది, వంటింట్లోంచి బెల్లం ఓలిగల వాసన వస్తోంది. కొడుకు దిగులుగా ఉన్నాడని ఇంత చేస్తోంది కాబోలనుకుని, మారుతి గోడకు ఆనుకుని మాసిన బనియన్‌తోనే కూర్చున్నాడు.

"స్నానం చెయ్యి రా" అంది తల్లి.

"ఎవరొస్తారని మా?"

"చెబితే వినవు కదా" అని ఆమె నవ్వుకుంది.

తలుపు చప్పుడైంది. మారుతి లేచి తీశాడు. గడప అవతల ఓబుళప్ప ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. చౌడక్క చేతిలో తమలపాకులు, పండ్లు ఉన్న సంచి ఉంది. ఇద్దరి వెనక, పెనుకొండ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మెంతిరంగు పట్టుచీరలో యమున ఉంది. ఎడమ బుగ్గ మీద సొట్ట స్పష్టంగా కనిపిస్తోంది.

మారుతి బుర్ర ఇంకా షాపులోనే ఉన్నట్టుంది. "ఏమైంది? కంప్యూటర్ మళ్ళా..."

"కంప్యూటర్ బాగుండాది" అంది యమున. "దశమి నాడు ఫోన్‌లో మీ అమ్మ రమ్మనింది, అడ్రస్ కూడా చెప్పింది. పనేం లేదు. ఊరికే వచ్చినాము."

మారుతి గడపలో అలాగే నిలబడిపోయాడు. కళ్ళు తడిశాయి. శారదమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కొడుకును భుజం పట్టుకుని పక్కకు జరిపింది.

"వీడు సాయంత్రం దాకా ఇట్లనే నిలబడతాడు గానీ, మీరు లోపలికి రాండి. రా యమునా, కుడికాలు పెట్టి రా."